అరుదైన లోహాల కవచాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పాచికలు వేస్తూ తలో పాత్రగా సాహసయాత్ర సాగించే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో మిత్రల్, అడమాంటైన్ వంటి కల్పిత ప్రత్యేక లోహాలతో కవచం తయారుచేసుకోవడం గురించే ఉన్నాయి. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో అమెరికాలో వెలువడిన ఈ ఆటకు ఆ తరువాత ఎన్నో కూర్పులు వచ్చాయి. మాకు రాసినవారిలో చాలామంది 2003 నాటి 3.5 కూర్పు ఆడుతున్నవారే కాబట్టి, ప్రత్యేకంగా చెప్పిన చోట్ల తప్ప ఈ కింది లెక్కలన్నీ ఆ కూర్పువని గమనించగలరు.

ప్రశ్న: నాది ఏడో లెవెల్ డ్వార్ఫ్ (మరుగుజ్జు జాతి) ఫైటర్ (యోధుడు) పాత్ర. కవచాల తయారీ నైపుణ్యంలో 10 ర్యాంకులు ఉన్నాయి. తెలివికి 1, జాతికి 2, మాస్టర్‌వర్క్ (మేలురకం) పనిముట్లకు 2 కలిపితే మొత్తం బోనస్ 15. మిత్రల్‌తో ఫుల్ ప్లేట్ (ఒళ్లంతా కప్పే రేకుల) కవచం తయారుచేయాలని లెక్క వేస్తే 214 వారాలు వచ్చింది. ఒక్క కవచానికి నాలుగేళ్లకు పైగా కొలిమి దగ్గర కూర్చోవాలా? ఆట నడిపే మా డంజన్ మాస్టర్ మాత్రం పుస్తకంలో ఉన్నదే నియమం అంటున్నారు. – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ లెక్క తప్పు కాదు. సూత్రాన్ని ఉన్నదున్నట్లు పాటిస్తే అంతే వస్తుంది. కొత్త పాఠకుల కోసం దానిని ఒకసారి విడమరచి చెబుతాం. తయారుచేయదలచిన వస్తువు ధరను బంగారు నాణేల నుంచి వెండి నాణేలలోకి మార్చుకోవాలి, అంటే పదితో హెచ్చించాలి. ఆ ధరలో మూడో వంతును ముడిసరుకు కింద ముందే చెల్లించాలి. ఆ తరువాత వారానికి ఒకసారి క్రాఫ్ట్ చెక్ చేయాలి, అంటే ఇరవై ముఖాల పాచిక వేసి, పడ్డ అంకెకు మీ బోనస్ కలపాలి. కవచం విషయంలో అందుకోవలసిన అంకె, అంటే డీసీ, ఆ కవచం ఇచ్చే రక్షణకు 10 కలిపితే వస్తుంది. చెక్ నెగ్గితే, వచ్చిన ఫలితాన్ని ఆ డీసీతో హెచ్చించగా ఎంత వస్తుందో అన్ని వెండి నాణేల విలువైన పని ఆ వారంలో పూర్తయినట్లు లెక్క.

ఫుల్ ప్లేట్ ధర 1,500 బంగారు నాణేలు, డీసీ 18. పాచిక వేయకుండా 10 తీసుకుంటే, అంటే 10 పడినట్లే లెక్కించుకుంటే, మీ ఫలితం 25. వారానికి 450 వెండి నాణేల పని అవుతుంది కాబట్టి ఆ భాగానికి 34 వారాలు పడతాయి. భారీ కవచాన్ని మిత్రల్‌తో చేస్తే అదనపు ధర 9,000. ప్రత్యేక లోహపు కవచం ఎప్పుడూ మాస్టర్‌వర్క్ స్థాయిలోనే ఉంటుంది, ఆ ఖర్చు కూడా ఈ 9,000లోనే కలిసి ఉంటుంది కాబట్టి, ఈ భాగాన్ని మాస్టర్‌వర్క్ డీసీ అయిన 20 మీద లెక్కించడం న్యాయమే. అప్పుడు వారానికి 500 వెండి నాణేల చొప్పున 180 వారాలు. రెండూ కలిపితే 214. ఇదే పద్ధతిలో అడమాంటైన్ ఫుల్ ప్లేట్‌కు అదనపు ధర 15,000 కాబట్టి 334 వారాలు, అంటే ఆరేళ్లు దాటిపోతుంది.

తొందరగా ముగించడానికి డీసీని కావాలని 10 పెంచుకునే వెసులుబాటు నియమాల్లోనే ఉంది కానీ, మీ బోనస్‌తో ఆ దారి తొక్కవద్దు. ప్లేట్ భాగానికి డీసీ 28 అవుతుంది. 10 తీసుకుంటే మూడు తక్కువై ఆ వారం పని ముందుకు సాగదు. మాస్టర్‌వర్క్ భాగానికి డీసీ 30; అక్కడ సరిగ్గా ఐదు తక్కువ పడతారు. ఐదు గాని అంతకన్నా ఎక్కువ గాని తక్కువ పడితే సగం ముడిసరుకు పాడవుతుంది. ఈ కవచానికి ముడిసరుకు మొత్తం 3,500, అందులో ఈ భాగానిది 3,000 కాబట్టి ఒక్క వారంలో 1,500 బంగారు నాణేలు బుగ్గి అయిపోతాయి. పోనీ పాచిక వేద్దామంటే, 10 గాని అంతకన్నా తక్కువ గాని పడ్డ ప్రతిసారీ ఇదే గతి, అంటే సగం అవకాశం నష్టానికే. మీ బోనస్ 20కి చేరిన తరువాత 10 తీసుకుంటే ఈ దారి భద్రమే కానీ, అప్పటికీ 118 వారాలు తప్పవు.

ఇక మీ డంజన్ మాస్టర్ గారితో మాట్లాడవలసిన అసలు విషయం ఇది. ఈ సూత్రం శ్రమను ధరతో కొలుస్తుంది. మామూలు ఉక్కు వస్తువుల వరకు దానితో ఇబ్బంది లేదు, ఎందుకంటే ఖరీదైన కవచం అంటే ఎక్కువ పని పట్టే కవచమే. మిత్రల్ ధర పెరిగింది పని పెరిగినందువల్ల కాదు, లోహం అరుదైనది కావడం వల్ల. మన కంసాలి దగ్గర లోహం ధర వేరు, మజూరీ వేరు, తరుగు వేరు; వెండి గొలుసుకూ బంగారు గొలుసుకూ లోహం ధరలో ఎంత తేడా ఉన్నా, ఒకే నమూనా అల్లడానికి అన్ని రెట్లు ఎక్కువ రోజులు కూర్చోనక్కరలేదు. ఈ సూత్రం ఆ మూడింటినీ ఒకే పద్దులో వేసింది కనుకనే ఈ 214 వారాలు వచ్చాయి.

కాబట్టి కాలాన్ని మాస్టర్‌వర్క్ ఫుల్ ప్లేట్‌కు ఎంత పడుతుందో అంతే లెక్కించమని మా సలహా. ప్లేట్‌కు 34 వారాలు, 150 బంగారు నాణేల మాస్టర్‌వర్క్ భాగానికి 3 వారాలు, మొత్తం 37. ముడిసరుకును మాత్రం మూడో వంతుకే వదిలేయకూడదు. అలా వదిలేస్తే 3,500 పెట్టి చేసిన కవచాన్ని సగం ధరకు అమ్మినా 5,250 వస్తుంది. కొలిమి పెట్టుకున్న ప్రతి ఆటగాడూ సాహసయాత్రలు మానేసి లోహ వ్యాపారిగా మారిపోతాడు. అందువల్ల మామూలు కవచం ధరలో మూడో వంతు, అంటే 500, ప్రత్యేక లోహపు అదనపు ధరలో సగం, అంటే 4,500, కలిపి 5,000 వసూలు చేయమనండి. అమ్ముకుంటే 37 వారాల శ్రమకు 250 మాత్రమే మిగులుతుంది కాబట్టి వ్యాపారానికి పనికిరాదు. తానే తొడుక్కునేవారికి మాత్రం 5,500 ఆదా అవుతుంది. ఏడో లెవెల్ పాత్ర దగ్గర ఉండవలసిన ఆస్తి మొత్తం సుమారు 19,000 అని నియమాలు చెబుతున్నాయి కనుక ఇది చిన్న ఆదా కాదు, ఆటను చెడగొట్టేంత పెద్దదీ కాదు.

కొందరు డంజన్ మాస్టర్లు అరుదైన లోహం మలచడం కష్టంగా ఉండాలని డీసీని ఐదు పెంచుతుంటారు. ఈ సూత్రంలో అది తిరగబడుతుంది. ఫలితాన్ని డీసీతోనే హెచ్చిస్తాం కాబట్టి, డీసీ 18 దగ్గర వారానికి 450 చేసే మీరే డీసీ 23 దగ్గర 575 చేస్తారు. కష్టమైన పని 34 వారాలకు బదులు 27 వారాల్లో ముగుస్తుంది! కష్టం చూపించాలంటే తరుగు నియమాన్ని బిగించడం మేలు: ఐదు తక్కువ పడితే పాడయ్యే ముడిసరుకు, మూడు తక్కువ పడినా పాడవుతుందని నిర్ణయించుకోవచ్చు.

మీరు అడగని మాట ఒకటి. డ్వార్ఫ్ పాత్రకు మిత్రల్ ఫుల్ ప్లేట్ ఎందుకు? మిత్రల్ వల్ల ముఖ్యమైన లాభం కవచాన్ని ఒక తరగతి తేలికగా లెక్కించడం, బరువు 50 పౌండ్ల నుంచి 25కు తగ్గడం, చురుకుదనపు బోనస్‌కు ఉన్న పరిమితి 1 నుంచి 3కు పెరగడం. డ్వార్ఫ్‌లు భారీ కవచంలో కూడా తమ మామూలు 20 అడుగుల వేగంతోనే నడుస్తారు కాబట్టి మొదటి లాభంలో ప్రధానమైనది మీకు అక్కరకు రాదు. మీ చురుకుదనపు బోనస్ 1 దాటకపోతే మూడోదీ వృథాయే. బరువు తగ్గడం, కవచం వల్ల దూకడానికీ ఎక్కడానికీ కలిగే జరిమానా 6 నుంచి 3కు తగ్గడం మాత్రమే నికరంగా మిగిలేవి. అడమాంటైన్ ఫుల్ ప్లేట్ అయితే మీద పడే ప్రతి దెబ్బలోనూ 3 పాయింట్లు తగ్గిస్తుంది, ముందువరుసలో నిలబడే ఫైటర్‌కు అది రోజూ ఉపయోగపడుతుంది. పై పద్ధతిలోనే దానికి 8,000 ఖర్చు, అవే 37 వారాలు. డబ్బు కూడే వరకు ఆగగలిగితే అదే చేయండి.

ప్రశ్న: మా గుంపులోని తొమ్మిదో లెవెల్ విజర్డ్ (మాంత్రికుడు) ముడిసరుకును వస్తువుగా మలిచే ఫ్యాబ్రికేట్ మంత్రంతో ఆరు సెకన్లలో మిత్రల్ కవచం చేసేస్తానంటున్నాడు. నియమాలు ఒప్పుకుంటాయా? – ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ఒప్పుకుంటాయి. ఖనిజాల విషయంలో ఈ మంత్రం లెవెల్‌కు ఒక ఘనపుటడుగు చొప్పున పనిచేస్తుంది, తొమ్మిదో లెవెల్ విజర్డ్ తొమ్మిది ఘనపుటడుగుల లోహాన్ని మలచగలడు. ఒక కవచానికి కావలసిన లోహం అందులో లేశమాత్రం. ఒక ఘనపుటడుగుకు ఒక రౌండ్, అంటే ఆరు సెకన్లు, కాబట్టి ఆ మాటా నిజమే. అయితే రెండు షరతులు మరచిపోకూడదు. ముడిసరుకు ఖర్చు మామూలు తయారీకి ఎంతో మంత్రానికీ అంతే, మంత్రం లోహాన్ని పుట్టించదు. అలాగే నైపుణ్యం కావలసిన వస్తువుకు క్రాఫ్ట్ చెక్ చేయవలసింది విజర్డే. పక్కన నిలబడ్డ కమ్మరి ర్యాంకులు అతనికి చెందవు, కాబట్టి కవచాల తయారీలో అతను స్వయంగా ర్యాంకులు పెట్టుకొని ఉండాలి. తెలివి ఎలాగూ విజర్డ్‌కు ఎక్కువే కాబట్టి ఐదారు ర్యాంకులతోనే డీసీ 20 అందుకోగలడు.

ఇది కమ్మరి పాత్రకు అన్యాయమని మీకు అనిపిస్తే మేమూ మీతో ఏకీభవిస్తాం. ఒక పాత్ర ఏడాది శ్రమను మరొక పాత్ర ఒక్క మంత్రంతో తుడిచిపెట్టడం ఆటబల్ల దగ్గర ఎవరికీ రుచించదు. విజర్డ్ మంత్రంతో రేకులను మలిచి, కమ్మరి వాటిని శరీరానికి సరిపోయేలా కూర్చడానికి మాస్టర్‌వర్క్ భాగపు మూడు వారాలు పట్టేలా ఇద్దరికీ పని పంచితే సర్దుబాటుగా ఉంటుంది.

ప్రశ్న: రేంజర్ (అడవుల్లో తిరిగే యోధుడు) మిత్రల్ బ్రెస్ట్‌ప్లేట్ (ఛాతీ కవచం) తొడుక్కుంటే అది తేలికపాటి కవచమే కదా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అవును, కదలికకూ ఇతర పరిమితులకూ తేలికపాటిదే. రేంజర్ పోరాట శైలి తేలికపాటి కవచంలోనే పనిచేస్తుందన్న నిబంధనకు మిత్రల్ బ్రెస్ట్‌ప్లేట్ సరిపోతుంది. రోగ్ (దొంగ) తప్పుకునే విద్యకూ, బార్డ్ (గాయకుడు) అడ్డంకి లేకుండా మంత్రం వేయడానికీ అదే వర్తిస్తుంది. 4,200 బంగారు నాణేలకు రక్షణ 5, చురుకుదనపు పరిమితి 5, జరిమానా కేవలం 1. మా దృష్టిలో ఆటలో అత్యంత లాభసాటి కవచం ఇదే.

అయితే ఆ కవచం తొడుక్కునే శిక్షణ కూడా తేలికపాటిదే సరిపోతుందా అన్న దగ్గర వాదన మొదలవుతుంది. రేంజర్‌కు మధ్యస్థ కవచంలో శిక్షణ ఉండదు. 3.5 నియమాల వాక్యం ఈ విషయాన్ని స్పష్టంగా తేల్చలేదు. దాని మీద ఆధారపడి 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే ఆట మాత్రం శిక్షణకు ఈ తగ్గింపు వర్తించదని సూటిగా రాసింది, అంటే మిత్రల్ ఫుల్ ప్లేట్‌కు భారీ కవచపు శిక్షణ ఉండి తీరాలి. మీ బల్ల దగ్గర ఈ కఠినమైన అర్థాన్నే తీసుకున్నా పెద్ద నష్టం లేదు. శిక్షణ లేని కవచం తొడిగితే కలిగేది ఆ జరిమానా దెబ్బ వేసే పాచికకూ వర్తించడమే కాబట్టి, ఇక్కడ మీరు పోగొట్టుకునేది ఒక్క పాయింటు.

ప్రశ్న: మిత్రల్ కవచానికి తరువాత మంత్రశక్తి జోడిస్తే ఖర్చు పెరుగుతుందా? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: పెరగదు. ఒకటో స్థాయి మెరుగుదలకు ఏ కవచానికైనా 1,000 బంగారు నాణేలే, తానే చేసుకునేవాడికి అందులో సగం. కోల్డ్ ఐరన్ అనే ప్రత్యేక లోహం ఒక్కదానికే ఆయుధం మీద మంత్రశక్తి జోడించడానికి అదనంగా 2,000 పడుతుంది. వెయ్యి నాణేలకు ఒక రోజు చొప్పున లెక్క కాబట్టి మంత్రం జోడించే పని ఒక్కరోజులో ముగుస్తుంది. మొదటి జవాబులోని 214 వారాలను దీని పక్కన పెట్టి చూస్తే, ఆ సూత్రం ఎక్కడ పట్టు తప్పిందో ఇంకా బాగా కనిపిస్తుంది.

ప్రశ్న: మేము ఇక్కడ ఐదో కూర్పు ఆడుతున్నాం. అడమాంటైన్ కవచం చేసుకోవడం అందులో సులభమా? నా పాత్రకు కమ్మరి పనిముట్లలో ప్రావీణ్యం ఉంది. – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: 2014 నాటి ఐదో కూర్పు ఈ లోహాలను చూసే తీరే మారిపోయింది. అక్కడ మిత్రల్ కవచం, అడమాంటైన్ కవచం రెండూ అంత అరుదు కాని తరగతికి చెందిన మాయావస్తువులు. మిత్రల్ దాక్కోవడంలో కలిగే ఆటంకాన్నీ, బలం ఇంత ఉండాలన్న నిబంధననూ తీసేస్తుంది. అడమాంటైన్ తొడుక్కున్నవారికి తగిలిన క్రిటికల్ దెబ్బ (ఎక్కువ గాయం చేసేది) మామూలు దెబ్బగా మారుతుంది. దెబ్బకు ఇన్ని పాయింట్లు అని తగ్గించే పాత పద్ధతి లేదు.

తయారీలో 2014 మూలగ్రంథం ప్రకారం మామూలు ఫుల్ ప్లేట్‌కే రోజుకు 5 బంగారు నాణేల పని చొప్పున 300 రోజులు పడుతుంది, ముడిసరుకు 750. అదే కూర్పులోని డంజన్ మాస్టర్ల గ్రంథంలో ఈ తరగతి మాయావస్తువుకు 500 నాణేల ఖర్చు, రోజుకు 25 చొప్పున 20 రోజులు. 2017లో వచ్చిన అనుబంధ గ్రంథం దానిని మరింత తగ్గించి, రెండు పనివారాలు, 200 నాణేలు అని నిర్ణయించింది, కానీ తయారీ సూత్రం సంపాదించాలనీ, కఠినమైన ప్రాణి నుంచో ప్రదేశం నుంచో ఒక అరుదైన పదార్థం తేవాలనీ షరతు పెట్టింది. మాకు ఈ మార్పు నచ్చింది. నెలల తరబడి లెక్కలు రాయడం కన్నా, అడమాంటైన్ ఖనిజం ఉన్న గనిని కాపలా కాసే ప్రాణితో తలపడటం ఆటకు దగ్గరగా ఉంటుంది. చేతిలో మామూలు కవచం ముందే ఉంటే దాని మీద ఈ పని చేయనివ్వాలా, అడమాంటైన్‌తో కొత్తది పోతపోయాలా అన్నది మీ డంజన్ మాస్టర్ తేల్చాలి. ముందే ఉన్న ఉక్కు కవచం అడమాంటైన్‌గా మారడం మాకు సమంజసంగా తోచదు.

హైదరాబాదు పాఠకురాలికి చెప్పిన మంత్రపు దారి మీకు లేదు. ఐదో కూర్పులో ఫ్యాబ్రికేట్‌తో మాయావస్తువులు చేయరాదు, ఈ కవచాలు ఆ తరగతిలోకే వచ్చాయి కనుక తలుపు మూసుకుపోయింది. మామూలు ఫుల్ ప్లేట్‌ను మాత్రం, కమ్మరి పనిముట్లలో ప్రావీణ్యం ఉన్న విజర్డ్ తగినంత ముడిలోహం దగ్గర ఉంటే పది నిమిషాల్లో చేయగలడు.

ప్రశ్న: నేను సొంతంగా ఒక ఆటప్రపంచం రాసుకుంటున్నాను. మా జిల్లాలోని కోనసముద్రం ఉక్కును అందులో ప్రత్యేక లోహంగా పెట్టాలని ఉంది. ధర, లక్షణాలు ఎలా నిర్ణయించాలి? – ఒక పాఠకుడు, నిజామాబాదు

జవాబు: మంచి ఆలోచన, ముఖ్యంగా ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు కోనసముద్రం దాకా వచ్చేవారన్నది చరిత్రలో నమోదైన విషయం కాబట్టి, మీ ప్రపంచంలో దూరదేశపు బేరగాళ్లను ప్రవేశపెట్టడానికి కారణం వెతుక్కోనక్కరలేదు. దానిని అడమాంటైన్‌కు మారుపేరుగా మాత్రం చేయకండి. ఆ ఉక్కు స్వభావం వేరు. ఇనుమును, కర్బనాన్నిచ్చే పదార్థాలతో పాటు మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, చాలాసేపు కాచి, మెల్లగా చల్లార్చగా వచ్చే దిమ్మ అది. కర్బనం సుమారు ఒకటిన్నర శాతం దాకా ఉండటం వల్ల అంచు అద్భుతంగా నిలుస్తుంది. ఆ కారణంగానే దానిని సాగగొట్టడం కష్టం, వేడి కాస్త మించితే సుత్తి దెబ్బకు పగిలిపోతుంది. దాని పేరు మోగింది ప్రధానంగా కత్తుల వల్ల.

అందువల్ల కత్తులకు ప్రథమస్థానం ఇవ్వండి. మామూలు ఉక్కు కాఠిన్యం 10 అయితే దీనికి 12 పెట్టి, ధరను కోల్డ్ ఐరన్ లాగా రెట్టింపు చేస్తే చాలు. కవచంలో దెబ్బను తగ్గించే గుణం ఇవ్వకుండా, బలమైన లోహం కాబట్టి రేకు పలుచగా చేయవచ్చన్న తర్కంతో, మాస్టర్‌వర్క్ తగ్గించే జరిమానాకు తోడు ఇంకొక్క పాయింటు తగ్గించండి. అదనపు ధర తేలికపాటి కవచానికి 300, మధ్యస్థానికి 600, భారీదానికి 1,200 ఉంటే మిత్రల్‌కు పోటీ కాకుండా, ఐదో లెవెల్ లోపు ఆటగాళ్లకు అందుబాటులో ఉంటుంది. తయారీలో, పైన చెప్పినట్లు, మూడు తక్కువ పడినా సగం ముడిసరుకు పాడయ్యే నియమం ఈ లోహానికి అతికినట్లు సరిపోతుంది, ఎందుకంటే వేడి మించితే పగిలే గుణం దానిలో నిజంగానే ఉంది.

లోహాన్ని కవచంగా కాక దిమ్మల రూపంలోనే మీ సంతలో అమ్మించండి. కాచి కొడితే తప్ప నాణ్యత తెలియని సరుకు కాబట్టి కొనేటప్పుడు అప్రైజ్ చెక్ (విలువ కట్టే పరీక్ష) పెట్టవచ్చు, డీసీ 15 సరిపోతుంది. సంబంధిత క్రాఫ్ట్‌లో 5 ర్యాంకులు ఉన్నవారికి 3.5 నియమాల ప్రకారం ఆ చెక్‌కు 2 కలుస్తుంది. చెక్ తప్పితే దిమ్మ పనికిరానిదన్న సంగతి బేరం దగ్గర చెప్పకండి, మొదటి వారం క్రాఫ్ట్ చెక్‌లో 4 తగ్గించి చూపించండి.